ఒకే పడుగు నుంచి నాలుగు ముక్కలు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ పిలుపు వస్తే దిల్‌సుఖ్‌నగర్‌లో గాలి కడిగిన ముత్యంలా ఉండేదని మా సరూర్‌నగర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. బస్సులు ఆగాయి, లారీలు ఆగాయి, కాబట్టి దుమ్మూ ఆగిపోయిందని వాళ్ల లెక్క. "మిద్దె ఎక్కితే ఎల్‌బీ నగర్ దాకా కనపడేది" అని సాక్ష్యం కూడా చెబుతారు. నేను ఒప్పుకోను. కనపడటం వేరు, శుభ్రంగా ఉండటం వేరు. నా దగ్గర జానెడు గుడ్డముక్క ఒకటి ఉంది. మూలకు ముడి వేసి ఉంటుంది. బంద్ నాడు ఒక్కరోజు ఎల్‌బీ నగర్‌లో వేలాడిన ముక్క అది. దాన్ని తీసి చూపిస్తే వాదించేవాళ్లు మాట మార్చి, పిల్లల చదువులు ఎలా ఉన్నాయని అడుగుతారు.

ఆ ముక్కను తెచ్చుకోవడానికి చేసిన ప్రయాణం ఇది. పోను రాను కలిపినా నలభై కిలోమీటర్లు దాటదు. కాశీయాత్ర కాదని నాకూ తెలుసు. అయినా రాస్తున్నాను. ఆ రోజుల్లో ఇదే దారిలో ఎవరైనా నాలాగే గుడ్డముక్కలు కట్టి ఉంటే నాకు మిగిలిపోయిన సందేహం తీరుతుందేమోనని ఆశ.

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. నేను బీఎస్సీ చదివి సరూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతున్నాను. తమ్ముడు నర్సింహ ఊళ్లోనే మగ్గం మీద ఉన్నాడు. వాడు నేసిన చీరలు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద వెంకటరత్నం గారి షాపుకు వచ్చేవి. రత్నం గారిది తెనాలి. అప్పటికి ఇరవై ఏళ్ల కిందటే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆ ఏడు మా తమ్ముడి మీగడరంగు చీరలు కట్ట కట్టి తిప్పి పంపారు. ప్రతి మడత మీద నల్లటి గీత.

"నూలుకు నూనె పట్టించి సరిగ్గా ఉతకలేదమ్మా మీ తమ్ముడు. నూనె మిగిలిన నూలు నలుపెక్కుతుంది" అన్నారు నాతో.

రంగు వేసే ముందు నూలును నూనెలో నానబెట్టే పాత పద్ధతి మా వైపు ఉన్నమాట నిజమే. కానీ అది రుమాళ్లకు. ఈ చీరల నూలుకు నూనె చుక్క తగల్లేదని తమ్ముడు మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? రత్నం గారి మాట పక్క షాపులకూ పాకింది. మరో ఇద్దరు కూడా వాడి దగ్గర చీరలు తీసుకోవడం మానేశారు.

"చీర వాపసు వస్తె ఇంకో చీర నేస్త అక్కా. మాట వాపసు వస్తదా?" అన్నాడు వాడు ఫోన్లో. వచ్చే నెల మగ్గం విప్పేసి, ఎల్‌బీ నగర్ దిక్కు ఏదైనా అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ పనికి పోతానన్నాడు. నలభై ఏళ్ల చెయ్యి. ఆ చెయ్యి గేటు తీయడానికి పోతుందంటే నాకు అన్నం సహించలేదు.

చీర మడత మీద గీత ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాలంటే, అదే నూలును వేరువేరు గాలుల్లో వేలాడదీయాలి. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా పరిచే నూలు. ఒక పడుగు మీద ఏడెనిమిది చీరలు దిగుతాయి. చివరికి చీరకు చాలని ముక్క మిగులుతుంది. తిరిగొచ్చిన చీరల పడుగులోనే మిగిలిన ముక్కను నాలుగు జానలుగా కత్తిరించి పంపమన్నాను. ఒకటి నాదర్‌గుల్‌లో మా చిన్నమ్మ ఇంటి గోడకు కట్టాను. ఊరి చుట్టూ పొలాలే, అక్కడ ముక్క తెల్లగా ఉంటుందని నా నమ్మకం. రెండు ఎల్‌బీ నగర్‌లో టీ బండి సత్తెమ్మకు ఇచ్చాను. ఒకటి మామూలు రోజుల్లో వేలాడాలి, ముడి వేసింది బంద్ నాడు మాత్రమే బయటికి రావాలి. నాలుగోది రత్నం గారి షాపులోనే, కౌంటర్ వెనక మేకుకు.

"కట్టండమ్మా, దిష్టిబొమ్మ ఎటూ లేదు మా షాపుకు" అని నవ్వారాయన.

మధ్యలో ఒక బంద్ కూడా అయిపోయి, పదిరోజులు గడిచాక, ఒక ఆదివారం పొద్దున ఎనిమిదీ పదికి ఇంట్లోంచి బయల్దేరాను. సంచిలో నాలుగు కాగితం కవర్లు, నీళ్ల సీసా, గొడుగు. చెరువు పక్కగా నడిచి దిల్‌సుఖ్‌నగర్ స్టాపు చేరేసరికి పావుగంట పట్టింది. ఇప్పుడైతే మెట్రోలో అద్దాల వెనక కూర్చుని పోవచ్చు. అప్పుడు బస్సే దిక్కు. అది ఏ రోజు తిరుగుతుందో, ఏ రోజు తిరగదో పొద్దున టీవీ చూస్తే గానీ తెలిసేది కాదు. ఎనిమిదీ ముప్పైకి దొరికింది. టికెట్ ఏడు రూపాయలు. కిటికీ పక్క సీటు దొరకడం అదృష్టమో దురదృష్టమో చెప్పలేను.

చైతన్యపురి దగ్గర మా బస్సు ముందు ఒక దూరప్రయాణం బస్సు నల్లగా పొగ వదిలింది. నా పక్కనున్న పెద్దమనిషి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"గీ పొగంత ఆంధ్రా బస్సులదే మేడం. విజయవాడ పోయేటివి ఎల్‌బీ నగర్ల గంటలు గంటలు నిలవడ్తయి, ఇంజన్ మాత్రం బంద్ చెయ్యరు."

ముందు సీట్లోని ఆవిడ గిర్రున తిరిగింది. "మీ ఇసుక లారీలు మాత్రం అగరొత్తులు వెలిగించుకుని తిరుగుతున్నాయా అండీ?"

బస్సంతా నవ్వింది. నా నోరు ఊరుకుంటుందా? "పొగకు గూడ లోకల్, నాన్‌లోకల్ ఉంటదా? ముక్కులకు పోయినంక ఎవరిదని పట్టుకుంటరు?" అన్నాను.

"ముందుగాల టికెట్లు తీసుకోన్రి. గాలి పంచాయితీ తర్వాత" అన్నాడు కండక్టర్.

కొత్తపేట దాటుతుంటే ఇద్దరు ఆడవాళ్లు పొడవాటి చీపుళ్లతో రోడ్డు పక్క ఊడుస్తున్నారు. నీళ్లు చల్లేది లేదు. కింద పడుకున్న దుమ్మును లేపి మా కిటికీల్లోకి పంపడమే శుభ్రం. కాస్త ముందుకు పోతే ఖాళీ జాగాలో ఎవరో పండ్లబుట్టల గడ్డి కాలబెట్టారు. ఇంటి దగ్గర నుంచి మూడు స్టాపుల్లోనే మూడు రకాల పొగ, దుమ్ము లెక్కకు వచ్చాయి. తప్పు ఒక్కడిదే అయ్యుంటే మా బతుకు ఎంత సులువుగా ఉండేది!

ఎనిమిదీ యాభై అయిదుకు ఎల్‌బీ నగర్. సత్తెమ్మది నల్లగొండ వైపు. భర్త పోయాక టీ బండి పెట్టుకుంది. విజయవాడ రోడ్డు బస్సులు ఆగేచోట ఆమె బండి. నన్ను చూడగానే పాలగిన్నె మీద మూత పెట్టి, బండి కింద నుంచి రెండు ముక్కలూ తీసింది.

"టీచరమ్మా, నీ జెండాలు ఇవిగో. ఏ పార్టీదని అందరూ అడుగుడే!"

మామూలు రోజుల్లో వేలాడిన ముక్క బూడిదరంగుకు తిరిగింది, సమానంగా, నీళ్లలో కలిపి పూసినట్టు. నేను అనుకున్నదే. ముడి వేసిన ముక్కను విప్పి చూసి మాత్రం నిలబడిపోయాను. వేలాడింది ఒక్కరోజు. అయినా ఆవాలు చల్లినట్టు నల్లటి రవ్వలు. వేలితో రాస్తే జిడ్డుగా సాగింది.

"బంద్ నాడు ఒక్క బండి తిరగలే గదా సత్తెమ్మా?"

"తిరగలే. గని చౌరస్తల వంటావార్పు వెట్టిన్రు గదా. రోడ్డు నడుమ పది పొయ్యిలు, పచ్చి కట్టెలు. అంతకుముందు టైర్లు గూడ కాలవెట్టిన్రు. బియ్యం నేనే ఏరిచ్చిన. అందరి కండ్లల్ల నీళ్లే. పొగకు ఏడ్సినమో, తెలంగాణకు ఏడ్సినమో ఎవలకెరుక?"

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు మా బడి టీచర్లతో కలిసి నేనూ అక్కడే విస్తరి ముందు కూర్చున్నాను. అన్నం పొగ వాసన వచ్చినా రెండోసారి వడ్డించుకున్నాను. కాబట్టి ఎవరినో తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. రావలసింది రావాలని కూర్చున్నాం, వచ్చింది కూడా. కానీ ఆ రోజు గాలి శుభ్రంగా ఉందంటే మాత్రం ఆ ముక్క ఒప్పుకోదు. బండ్ల పొగ తగ్గింది, కట్టెల పొగ, టైర్ల పొగ పెరిగాయి. అంతే.

రెండు ముక్కలను రెండు కవర్లలో పెట్టి పేర్లు రాసుకున్నాను. టీ తాగి తొమ్మిదిన్నరకు షేర్ ఆటో ఎక్కాను. సాగర్ రింగ్ రోడ్డు మీదుగా గుర్రంగూడ, అక్కడి నుంచి నాదర్‌గుల్. ఎనిమిది మందిమి. నా ఎదురుగా తెల్లచొక్కా వేసుకున్న కుర్రవాడు. నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్‌లో విమానం నడపడం నేర్చుకుంటున్నానని చెప్పాడు. నేను ఊరుకుంటానా?

"అయితే పైనుంచి మా సిటీ ఎట్ల కనపడుతది బాబూ?"

"పొద్దున్నే పైకి పోతే మేడం, సిటీ మీద గోధుమరంగు మూకుడు బోర్లించినట్టు ఉంటది. చలికాలం ఇంకా మందం."

"మరి నాదర్‌గుల్ మీద?"

"గాలిని బట్టి మేడం. ఒక్కోరోజు మూకుడు అంచు మా రన్‌వే దాకా వస్తది."

ఆ జవాబు నాకు నచ్చలేదు. నా తెల్లముక్కకు అడ్డం వచ్చే జవాబు. గుర్రంగూడ దాటాక రోడ్డుకు రెండువైపులా పొలాలను చదును చేసి ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. కంకర టిప్పర్ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ఆటోలో ఎనిమిది మందిమీ ఒకే రంగుకు వచ్చాం.

పదీ ఇరవైకి చిన్నమ్మ ఇల్లు చేరాను. మా అమ్మ చెల్లెలు. డెబ్బై ఏళ్లు. నేత ఇంట్లో పుట్టి, వ్యవసాయం ఇంటికి కోడలిగా వచ్చింది. గోడ వైపు చూశాను. మేకు ఉంది, ముక్క లేదు.

"చిన్నమ్మా, నా బట్ట ఏది?"

చిన్నమ్మ గర్వంగా లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచింది. చేతిలో నాలుగు మడతల ముక్క. మల్లెపువ్వులా తెల్లగా, గంజితో పెళపెళలాడుతూ.

"నేసేటోళ్ల ఇంట్ల పుట్టిన దాన్ని. బట్ట గట్ల మాసి గోడకు వేలాడ్తుంటె వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఏమంటరు? నాకే సిగ్గనిపిచ్చింది. మూడుమాట్ల సబ్బు వెట్టి ఉతికి, గంజి వెట్టి, పరుపు కింద వెట్టి మడతేసిన."

నేను అరుగు మీద కూలబడ్డాను. "చిన్నమ్మా, దాని మురికే నాకు గావాలె!"

"మురికి ఎందుకే? ఇంత సదువుకున్నవు, నీకు గదే తక్కువైందా?"

తప్పు నాదే. ఉతకొద్దని చెప్పలేదు. మా వాళ్లకు బట్ట అప్పగిస్తే మాసినది మాసినట్టే తిరిగివ్వరని నాకు తెలియక కాదు. గుర్తు లేదు, అంతే.

పదకొండున్నరకు భోజనం పెట్టింది. అన్నం, పచ్చిపులుసు, గుడ్డు కూర. తింటున్నంతసేపూ తమ్ముడి సంగతి చెప్పాను. చిన్నమ్మ విని, గ్లాసులో నీళ్లు పోస్తూ అంది. "తెల్లగ ఉన్నది గదా. ఇట్లనే తీస్కపోయి షావుకారికి సూపెట్టు. పల్లె గాలికి తెల్లగున్నదని చెప్పు. ఎవలడుగుతరు?"

ఎవరూ అడగరు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది.

మధ్యాహ్నం ఒంటిగంటా పదికి నాదర్‌గుల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ బస్సు దొరికింది. దారంతా సంచిలో చెయ్యి పెట్టుకునే కూర్చున్నాను. గంజి ముక్క అంచు వేలికి గుచ్చుకుంటూనే ఉంది. ఈ ఒక్క ముక్క కౌంటర్ మీద పెడితే చాలు. అదే పడుగు పల్లెలో తెల్లగా, పట్నంలో నల్లగా. నూలు తప్పు లేదని తేలుతుంది, తమ్ముడి మగ్గం నిలుస్తుంది. పైగా అది అబద్ధం కూడా కాకపోవచ్చు, నూలు నిజంగానే మంచిదైనప్పుడు. కానీ మా బడిలో పిల్లలు ప్రయోగం చేయకుండా పోయినేటి రికార్డు చూసి రీడింగులు రాస్తే నేను పేజీ అడ్డంగా కొట్టేస్తాను. "జవాబు కరెక్టే గద టీచర్" అని ఏడుస్తారు. జవాబు కరెక్టయినా కొట్టేస్తాను. ఎన్ని పేజీలు కొట్టేశానో!

రెండూ ఇరవైకి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. కరెంటు పోయి ఉంది. ఆ రోజుల్లో కోతలు మామూలే. మెయిన్ రోడ్డు మీద ప్రతి షాపు మెట్ల మీదా ఒక జనరేటర్ డుగడుగలాడుతోంది. రత్నం గారి మెట్ల మీద పెద్దది. దాని గొట్టం సరిగ్గా తలుపు వైపే. లోపల సాంబ్రాణి పొగ ఇంకా కదులుతోంది. మధ్యాహ్నం తెరిచేటప్పుడు కూడా ధూపం వేస్తారాయన.

కౌంటర్ వెనక మేకు నుంచి నాలుగో ముక్క తీశాను. కాటుక తుడిచిన గుడ్డలా ఉంది. నాలుగింటిలోకీ అదే నలుపు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో తొమ్మిది రోజులు వేలాడినది దీని ముందు తెలుపే.

నాలుగూ వరసగా పరిచాను. చెప్పవలసింది ముందే చెప్పేశాను. "రత్నం గారూ, ఈ తెల్లది లెక్కల పట్టకండి. మా చిన్నమ్మ ఉతికి గంజి పెట్టింది."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. "చెప్పకపోతే నమ్మేసేవాణ్ణి కదమ్మా! ఇప్పుడు మీ దగ్గర రుజువేముంది? మూడూ నల్లగానే ఉన్నాయి. నేనన్నదీ అదే, మీ నూలే నలుపెక్కే నూలని."

నేను ముక్కలను మళ్లీ కవర్లలో పెట్టుకోసాగాను.

ఆయనకు హుషారెక్కింది. "ఆగండి, మా వైపు నేత చూపిస్తాను. మంగళగిరి చీర. దీనికి నూనె వాసన కూడా తెలీదు. రెండేళ్లు ఇదే అరలో ఉండి అమ్ముడవలేదు. కవర్లో పెట్టి కింద పడేశాను. మడత చూడండి, పాలు!" అంటూ ప్లాస్టిక్ కవర్ చింపి చీర విప్పారు.

ప్రతి మడత మీదా నల్లటి గీత. మా తమ్ముడి చీర మీద ఉన్న గీతే. స్కేలు పెట్టి గీసినట్టు.

రత్నం గారు వేలితో గీత మీద రాసి, వేలు చూసుకున్నారు.

"కింద ఇంకా ఉన్నాయా?" అని అడిగాను.

ఉన్నాయి. అమ్ముడుపోని చీరను రెండేళ్లకు కవర్లో పెట్టి, సంవత్సరం రాసిన చీటీ అంటించడం ఆయన అలవాటు. ఒక్కొక్కటే విప్పాం. షాపు పెట్టిన కొత్తలో కవర్లోకి పోయిన చీర మడత మీద గీత మట్టిరంగు. "అప్పుడు ఈ వెనక సందులన్నీ మట్టి రోడ్లమ్మా" అన్నారు. ఆ తర్వాతి ఏళ్ల చీరకు సిమెంటు బూడిదరంగు, తడిమితే గరుకు. ఎదుటి వరసలో కాంప్లెక్సులు లేచిన రోజులవి. ఇటీవలి చీరలు నలుపు, మెత్తని నలుపు. మట్టి, సిమెంటు, మసి. దిల్‌సుఖ్‌నగర్ పెరిగిన వరస అంతా మడతల్లో ఉంది. గుడ్డకు చిక్కేది ముతకదే, అంతకంటే సన్నటిది గుడ్డకు చిక్కకుండా గుండెల్లోకి పోతుందని పిల్లలకు చెప్పే పాఠం ఆయనకూ చెప్పాను.

"అయితే చౌరస్తా కంటే నా షాపెందుకు నల్లబడిందమ్మా?"

తలుపు వైపు చూపించాను. గొట్టం అక్కడే ఉంది.

"కరెంటు లేకపోతే చీకట్లో చీరలు అమ్మమంటారా? సాంబ్రాణి వేయకుండా షాపు తెరవమంటారా?"

"నేనేమీ అంటలేను. నూలును అనకండి, అంతే."

ఆయన చాలాసేపు మడతలు సర్దారు. తర్వాత ఫోన్ తీసి మా తమ్ముడికే చేశారు. "నరసింహా, నీ నూలు మంచిదేనయ్యా. మా గాలే బాగాలేదు. ఆ చీరలు ఉతికి కవర్లలో పెట్టి పంపు."

"ఫోన్లో చెప్తే చాలదు. పక్క షాపులల్ల మీరే చెప్పిన్రు, మీరే వాపసు తీసుకోవాలె" అన్నాను.

మీ నోటికి ఎవరూ ఎదురు నిలవలేరమ్మా అంటూ ఆయన మెట్ల మీదకు వచ్చి, పక్క షాపాయనకు అరిచి చెప్పారు. జనరేటర్ హోరులో ఆయనకు వినపడలేదు. మళ్లీ అరిచారు. వినపడలేదు. చివరికి తన జనరేటర్ తనే ఆపి, చీకటైపోయిన షాపు ముందు నిలబడి చెప్పారు. "పోచంపల్లి నరసింహ నూలుకు ఏ దోషమూ లేదు. నేను తప్పుగా అన్నాను."

ఆ మాట అటుపక్క మూడో షాపుకు కూడా వినపడింది.

నాలుగూ నలభైకి ఇంటిముఖం పట్టాను. చెరువు గట్టు మీద నడుస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మగ్గం మీద కొత్త పడుగు ఎక్కిస్తున్న" అన్నాడు. సూర్యుడు చెరువు అవతల రాగిచెంబులా ఉన్నాడు. కళ్లు చికిలించకుండానే చూడగలిగాను. చిన్నప్పుడు అట్లా చూడగలిగేదాన్ని కాదు. ఆ రోజు ప్రయాణం నాకు నేర్పింది అదే. దుమ్ము ఎవరో బయటివాళ్లు తెచ్చి పోసింది కాదు. రోడ్డు ఊడ్చే చీపురులోనూ, గుమ్మం ముందు జనరేటర్‌లోనూ, దేవుడి ధూపంలోనూ, నేను తిన్న వంటావార్పు అన్నంలోనూ ఉంది. ఏడాదికో రంగు మార్చుకుంటూ మనతోనే ఉంది.

ఇంటి మెట్లు ఎక్కుతుండగా గుర్తొచ్చి చిన్నమ్మకు ఫోన్ చేశాను.

"చిన్నమ్మా, ఆ బట్ట ఉతికినప్పుడు నీళ్లు ఏ రంగున్నయి?"

"నీళ్ల రంగు ఎవలు చూస్తరే? మల్లెచెట్టు పాదుల పోసిన."

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగానో. ఒకసారి ఎర్రగా ఉన్నాయంటుంది, ఒకసారి చాయ్ లెక్క అంటుంది, విసిగితే నీ సదువు లెక్క అంటుంది. ఎర్రగా ఉంటే అది పొలాల మట్టి, టిప్పర్ల దుమ్ము. నల్లగా ఉంటే మాత్రం ఆ కుర్రవాడు చెప్పిన మూకుడు అంచు అప్పటికే మా చిన్నమ్మ గోడ దాకా వచ్చినట్టు. ఇప్పుడు అక్కడ కొత్తగా ముక్క కట్టి లాభం లేదు, ఊరి చుట్టూ కాలనీలే. అప్పటి నాదర్‌గుల్ గాలికి ఒకే ఒక్క సాక్ష్యం, అది కూడా మూడుసార్లు సబ్బు పెట్టిన సాక్ష్యం. ఇంతకీ ఆ పూట మల్లెచెట్టు పాదులోకి పోయిన నీళ్లు ఏ రంగులో ఉన్నాయి?